గోడ మీది మూడో ఫొటో

కాలేజీ అడ్మిషన్ల గదిలో ఆమెను అందరూ కౌన్సెలరమ్మ అంటారు. అంతర్జాతీయ సంబంధాల డిగ్రీ ఆమె ఇక్కడే, అప్పు చేసి చదివింది. ఎంబసీలో పనిచేయాలని ఆశ. తీరా చదువయ్యాక ఆమెను మెచ్చుకున్నవాళ్లే గానీ ఉద్యోగమిచ్చినవాడు ఒక్కడూ లేడు. బ్యాంకు వాయిదాలు పీకలమీదికొస్తే, కాలేజీవాళ్లే పిలిచి ఈ కుర్చీ ఇచ్చారు. ఇచ్చిన మర్నాడే ఉద్యోగాలొచ్చిన విద్యార్థుల వరసలో ఆమె ఫొటోను గోడకెక్కించారు.

ఆవేళ ఒక లిఫ్టు మెకానిక్ కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. గ్రీజు వదలని వేళ్లతో అదే డిగ్రీ ఫీజు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంత పోసి చదివిస్తే రేపు ఎంత జీతమొస్తుందమ్మా? ఉన్నదున్నట్టు చెప్పండి."

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం అవతల మేనేజరు చెవులు రిక్కించుకొని కూర్చున్నాడు. సీట్లు నిండకపోతే ముందు ఊడేది ఆమె ఉద్యోగమే. అది ఊడితే వాయిదా ఎవడు కడతాడు?

"మాలో చాలామందికి ఉద్యోగాలొచ్చాయండీ," అంది.

కూతురు గోడకేసి చూసింది. "నాన్నా, ఆ మూడో ఫొటో ఈ అక్కదే."

మెకానిక్ ఫొటోనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో బెంగ తీరిపోయింది.

"మనిషే ఎదురుగా కనబడుతుంటే ఇంకా అనుమానమెందుకులే," అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

ఫొటోలో ఉన్న ఆ నవ్వునే మొహానికి తగిలించుకొని, సంతకం ఎక్కడ పెట్టాలో ఆమె వేలితో చూపించింది.