మామను సముద్రంలోకి తన్నిన మూత

మామగారి చేత కాళ్ళు కడిగించుకున్న అల్లుళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. మామగారిని నిలువెల్లా సముద్రపు నీళ్ళతో కడిగించిన అల్లుణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ఒంగోల్లో కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మామ పోలయ్యది కొత్తపట్నం, ఫైబర్ బోటు మీద వేటకు వెళ్ళేవాడు. బోటులో ఐసూ చేపలూ వేసుకునే పెట్టె ఉండేది. దాని మూతను ఒక చేత్తో లేపి పట్టుకుని రెండో చేత్తో చేపలు వెయ్యాలి. అల ఊపిందంటే దభీమని పడేది. ఒక ఆదివారం మేం భోజనానికి వెళ్ళేసరికి మామ చూపుడువేలు గుత్తివంకాయలా వాచిపోయి ఉంది.

"ఇంతదానికి బాధెందుకు మామా? కారు డిక్కీ లేపితే పడకుండా నిలబడుద్ది గదా! దానికి గ్యాసు రాడ్లుంటాయి. రెండు బిగించానంటే మూత దానంతటదే లేచి నీకు నమస్కారం పెట్టుద్ది," అన్నాను.

మా ఆవిడ కుమారి నావైపు అదోలా చూసింది. "నాన్నా, మా ఇంట్లో ఫ్యాను బిగించింది ఈయనే. స్విచ్చి వేస్తే పక్కింట్లో లైటు వెలుగుద్ది."

"ఊరుకోవే. అల్లుడు ముచ్చటపడుతున్నాడు," అన్నాడు మామ. పాపం, మంచివాడు.

నా షెడ్డులో ఒక పాత వ్యాను పడి ఉంది. దాని వెనక తలుపు ఇనపది, ఇద్దరు మోస్తే గానీ కదలదు. ఆ తలుపును లేపే రాడ్లనే ఊడదీసి, కొత్తపట్నం తీసుకెళ్ళి, మామ బోటులో అప్పడంలాంటి ఫైబర్ మూతకు బిగించాను. బలం కాస్త ఎక్కువైతే ఏం, పప్పులో నెయ్యి ఎక్కువైతే ఎవరైనా తిడతారా అనుకున్నాను.

మూత అద్భుతంగా లేచింది. దిగడమే మానేసింది. నొక్కాను, లేచింది. బావమరిది చిట్టిబాబూ నేనూ కలిసి దాని మీద బోర్లా పడుకున్నాం, దిగింది. మేం లేచాం, అదీ లేచింది.

"బావా, మూసే రాడ్లు కూడా వేరే ఉంటాయా?" అన్నాడు చిట్టిబాబు.

"కొత్త గదరా, బిగువుగా ఉంది. వాడేకొద్దీ వదులవుద్ది," అన్నాను, చెప్పుల కొట్టువాడిలా.

"సరే, నీళ్ళలో చూద్దాం పదండి," అన్నాడు మామ.

చిట్టిబాబు ఇంజను నడుపుతుంటే, మామా నేనూ మూత మీద పక్కపక్కన కూర్చున్నాం. ఎండ ముదిరింది. వేడికి రాడ్లలో గ్యాసు ఇంకా పొంగింది. ఉడుకుతున్న అన్నం గిన్నె మీద పళ్ళెంలా ఇద్దరం పైకీ కిందికీ ఊగుతున్నాం.

"అల్లుడూ, నువ్వు మాత్రం లేవమాక," అన్నాడు మామ.

"లేస్తానా మామా!"

అంతలో చిట్టిబాబు కేకేశాడు. "బావా, అటు చూడు! ఎంత చేప ఎగిరిందో!"

"ఏదిరా?" అంటూ లేచి నిలబడ్డాను.

వెనక ధన్‌మని చప్పుడు. తిరిగి చూస్తే మూత నిటారుగా నిలబడి నాకు నమస్కారం పెడుతోంది. మామ లేడు.

"నాన్నేడి బావా?" చిట్టిబాబు ఇంజను ఆపేశాడు.

నీళ్ళ మీద ఒక్క చెప్పు తేలుతోంది. ఈతలో మామ చేపకు పాఠాలు చెప్పగలడు, కానీ తలకు దెబ్బ తగిలుంటే? కుమారికి ఏం చెప్పను? మూత బిగించనేల, మామను ముంచనేల!

అప్పుడు బోటుకు అవతలి పక్కన ఒక తల లేచి, పుక్కిలించి ఉమ్మింది. మామే! ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి పైకి లాగాం. మామ నిలబడ్డాడు. వంగాడు. లేచాడు. మళ్ళీ వంగాడు.

"తప్పయిపోయింది మామా! దెబ్బ ఎక్కడ తగిలింది?"

"నడుం మీద."

"నొప్పిగా ఉందా?"

"అదేరా చూస్తన్నా. మూడేళ్ళనుంచి పట్టేసిన నడుం. ఇప్పుడు నొప్పి లేదు!"

నేను ఆయన కాళ్ళమీద పడ్డాను. భక్తితో అనుకునేరు, అల బోటును ఊపింది.

ఆ రాత్రి అత్తారింట్లోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే చిట్టిబాబు వచ్చి నిద్ర లేపాడు. "బావా, వాకిట్లో ముసలోళ్ళు కూర్చున్నారు. అందరికీ నడుం నొప్పేనంట. ఒక్కొక్కళ్ళనీ ఆ మూత మీద కూర్చోబెట్టి, నువ్వు పక్కనుంచి లేవాలంట!"

ఇంటి వెనక తలుపులోంచి ఒడ్డునున్న బోటు దగ్గరికి పారిపోయి, ముందు ఆ రాడ్లు ఊడదీశాను. ఆ పొద్దున ఉప్పునీళ్ళు దోసిట పట్టి ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. నేల మీద నడిచేవాటిని తప్ప నీళ్ళ మీద తేలే దేన్నీ నా చేతులు బాగుచెయ్యవు. ఎక్కడైనా సరే, పక్కన మామ కూర్చుని ఉంటే, ఆయన లేచేదాకా నేను లేవను.