కపెంబ్వ పడవలోని సీసం

జాంబియా రాగి గనులకు దిగువన, కఫూయె నదిలో నీటి నమూనాలు, మట్టి నమూనాలు తీసే ప్రయోగశాల వాళ్లకు పంతొమ్మిదేళ్లు పడవ నడిపినవాడు కపెంబ్వ. నమూనా తీసే చోటికి ఎప్పుడూ దిగువ నుంచి, ప్రవాహానికి ఎదురుగా వెళ్లేవాడు. అడుగు మట్టి కదిలి నీళ్లలో కలవకుండా ముందు నీళ్లు తీసుకోనిచ్చి, తరువాతే మట్టి తీయనిచ్చేవాడు. పడవ ఒకే మానును తొలిచి చేసినది. అందులో లోహమేదైనా ఉంటే పరీక్ష చెడుతుంది కనుక ఏటా ఒకే ప్రశ్న అడిగేవారు: పడవలో మేకులేమైనా ఉన్నాయా? అతనూ ఒకే జవాబు చెప్పేవాడు: ఒక్క మేకు కూడా లేదు.

ఆ జూన్‌లో మూడో చోటు దాటగానే మట్టి పోసుకునే ప్లాస్టిక్ పళ్లెం విరిగింది. పడవ ఉత్త చెక్కే కదా అని, నమూనాలు తీసే నమ్ఫుక్వే మిగతా ఐదు చోట్ల మట్టిని పడవ అడుగునే కుమ్మరించి, చెక్క గరిటెతో డబ్బాలకెత్తింది.

ఆరు వారాలకు ఫలితాలు వచ్చాయి. నాలుగో చోటు మొదలుకొని మట్టిలో సీసం పెరిగింది. ఐదో చోట కిలోకు రెండువందల పన్నెండు మిల్లీగ్రాములు. నీళ్లలో మాత్రం ఎప్పటి అంకెలే. ఆ ఐదో చోటు కపెంబ్వ చెల్లెలు బనా మ్వెల్వా చేపలు పొగబెట్టి అమ్ముకునే రేవు. మళ్లీ పరీక్ష జరిగేదాకా అక్కడి చేప కొనవద్దని సంతలో బోర్డు పెట్టారు. ఆ పరీక్ష వచ్చే జూన్‌లోనే.

“నా చేపలు నేనే తింటున్నాను. ఆ ప్రయోగశాల వాళ్లను రేవుకు మోసుకొచ్చింది నువ్వే కదన్నా,” అంది బనా మ్వెల్వా.

“గనులవాళ్లను తిట్టు. నన్నెందుకు?”

“వాళ్లు దొరకరుగా. నువ్వు దొరికావు.”

మర్నాడు పడవలో నీళ్లు తోడుతుంటే కపెంబ్వ వేళ్లకు పాత పగులు తగిలింది. ఏప్రిల్‌లో మాను చీలితే, ఆ రేవులో అందరూ చేసేట్టే, గని పారేసిన కేబుల్ మీది సీసపు తొడుగు ఒలిచి, ఆ మెత్తని సీసాన్ని రాయితో పగుల్లోకి కొట్టాడు. ఈ సంగతి చెబితే పడవ పని పోతుంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ప్రయోగశాలకు వెళ్లి చెప్పాడు.

“మేకు లేదన్నావు కదా, బాబాయ్,” అంది నమ్ఫుక్వే.

“లేదమ్మా. ఇది మేకు కాదు.”

“సీసమని తెలీదా?”

“తెలుసు. మీరడిగింది మేకుల గురించే.”

“అందులో మట్టి పోసింది నేనేలే. రెండో పళ్లెం తెచ్చుకోవాల్సింది,” అంది. రెండు పొరపాట్లనూ నివేదికలో రాసింది.

ఆగస్టులో ఫైబర్ పడవలో వెళ్లి, ఐదు చోట్లా మళ్లీ మట్టి తీశారు. ఐదో చోట సీసం పంతొమ్మిది. బోర్డు తీసేశారు. నమూనాల పని మాత్రం ఆ ఫైబర్ పడవ యజమానికే వెళ్లింది.

“సీసం పోయింది సరే, రాగి సంగతేంటి?” అని అడిగింది బనా మ్వెల్వా.

“ఎప్పటిలాగే ఎక్కువుంది.”

“దానికి బోర్డు పెట్టరా?”

“చేప తినొద్దనేంత లేదట.”

ఆమె పొగపొయ్యిలోకి కట్టెలు ఎగదోసింది. సంత గురువారం.