చల్లగా ఉన్న సీసా

ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా మోస్తున్న సంగతి ఇది. మా అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. అప్పటి మా పై అధికారి శ్రీకాంత్ మీద నాకు జాలి లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులు. కొత్తూరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. గాజు పాత్రలో సూక్ష్మజీవులను పెంచి, వాటి నుంచి మందుకు కావలసిన ఎంజైమ్ తీయడం మా పని. అవి పెరిగేకొద్దీ ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం ఎక్కువైతే అవే చస్తాయి. అందుకని పక్కనే సీసాలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పెట్టి, పీహెచ్ పడిపోకుండా పంపుతో చుక్కలు చుక్కలుగా వదులుతాం. మేం దాన్ని కాస్టిక్ అనేవాళ్లం. అది ఎంత గాఢంగా ఉండాలో, ఎంత వేగంగా పడాలో తేల్చడానికి నాకు ఏడాది పైగా పట్టింది. చేతుల మీద కాస్టిక్ కాల్చిన మచ్చలు ఇంకా పోలేదు.

శ్రీకాంత్ నేను తేల్చిన ఆ పద్ధతిని తనదని డైరెక్టర్‌కు చూపించాడు. నా ఎదురుగానే. "ఈ అమ్మాయి కాస్త చేతిసాయం చేసిందండీ" అన్నాడు. చేతిసాయమట! కడుపు మండిపోయింది. కంపెనీ బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ పళ్లు నూరుకున్నాను. వీడు నలుగురిలో తల దించుకోవాలి. అది నా కళ్లతో నేను చూడాలి.

చూసే రోజు రానే వచ్చింది. ఎంజైమ్ కొనేవాళ్లు పని స్వయంగా చూడటానికి వస్తున్నారు. తాజాగా కాస్టిక్ కలపమని పొద్దున్నే శ్రీకాంత్ నాకు పురమాయించాడు. కాస్టిక్ బిళ్లలు నీళ్లలో వేస్తే చాలు, పొయ్యి అక్కర్లేకుండానే నీళ్లు కాగిపోతాయి. అందుకే మా ల్యాబ్‌లో ఒక అలవాటు ఉండేది. పంపుకు సీసా తగిలించేవాళ్లు ముందు దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తారు. వెచ్చగా ఉంటే తాజాది. అంతకుమించి ఎవరూ పరీక్షించరు. నేను బిళ్లలు ముట్టుకోలేదు. పాత ద్రావణం సగం పోసి, మిగతా సగం నీళ్లు నింపాను.

తగిలించాల్సింది ఫర్హానా. శంషాబాద్ పిల్ల, ట్రైనీ. బస్సులో నా పక్కనే కూర్చునేది, టిఫిన్ డబ్బా మూత తీసి ముందు నాకే పెట్టేది. వచ్చే నెల ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదా? వచ్చింది. అబద్ధం ఎందుకు? వచ్చినా పక్కకు నెట్టేశాను. మాట పడేది శ్రీకాంతే కదా అనుకున్నాను.

ఆమె సీసా మీద చెయ్యి పెట్టింది.

"ఏందక్కా, చల్లగుంది? ఇప్పుడే కలిపినవ్ గద?"

"ఏసీ కింద పెట్టిన. చల్లారింది."

"జర భయమైతుందక్కా. ఇయ్యాల సార్ గరం మీదున్నడు."

"కలిపింది నేను గద. నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, గదేం మాట!" అని నవ్వి తగిలించింది.

కాస్టిక్ పలచన కావడంతో ఆమ్లానికి సరిపోక, పంపు రెట్టింపు వదలాల్సి వచ్చి మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయింది. పీహెచ్ పడిపోయింది. అతిథుల ముందు శ్రీకాంత్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఆ కాసేపు నా కడుపు చల్లబడింది. ఇప్పటికీ ఆ ముఖం తలుచుకుంటే హాయిగానే ఉంటుంది. ఏం మనిషిని నేను?

శ్రీకాంత్ వెనక్కి తిరిగి, "ఎవరు తగిలించారిది?" అన్నాడు. ఫర్హానా చెయ్యెత్తింది. పంపు వేగం ఎక్కువ పెట్టి సీసా అంతా ఒంపేసిందని తేల్చేశాడు. చూద్దామంటే సీసాలో చుక్క లేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. సాయంత్రానికి ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత అదే ప్రయోగం మళ్లీ పెట్టారు. ఈసారి కాస్టిక్ నేనే కలిపాను, సరైన గాఢతలో, సెగలు కక్కేలా. బాగా వచ్చింది. శ్రీకాంత్‌కు ప్రమోషన్ వచ్చింది. నా పగ వాడి చొక్కా కూడా నలపలేదు.

తీసేసిన రోజు ఫర్హానా బస్సులో నా పక్కనే కూర్చుని ఏడ్చింది. "పంపు నేనే తప్పు పెట్టిన్నేమో. నా వల్ల నీ కష్టమంత ఖరాబైందక్కా" అంది. నేను భుజం నిమిరాను. సీసాలో నీళ్లు కలిపినందుకంటే, అలా నిమిరినందుకే నన్ను నేను ఎక్కువ అసహ్యించుకుంటాను. ఆ తర్వాత ఒకసారి శంషాబాద్ బస్టాండ్‌లో దూరం నుంచి కనిపించింది. చూడనట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయాను.

క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. అయినా ఈ ఒక్క మాట బయటికి వచ్చేస్తే కాస్త ఊపిరి ఆడుతుంది. ఫర్హానా, పంపు నువ్వు సరిగ్గానే పెట్టావు. నీ చెయ్యి కూడా సరిగ్గానే చెప్పింది. ఆ సీసాలో సగం నీళ్లే. కలిపింది నేను.