పుట్టువెంట్రుకల చుట్టం

వాయిదా ఉన్న రోజున ప్రెన తెల్లవారకముందే లేచేది. మొక్కజొన్న రొట్టె ముక్క, కాస్త ఉప్పు జున్ను గుడ్డలో మూటగట్టుకుని, నల్ల రుమాలు తలకు బిగించి, వంతెన దగ్గర ఆరు గంటల వ్యాను ఎక్కేది. అయిదేళ్ళు అదే వరస. ఇప్పుడూ ఆ వేళకే మెలకువ వస్తుంది. చెయ్యి దానంతటదే రుమాలు కడుతుంది. గుమ్మం దాకా నడిచాక, ఇక వెళ్ళాల్సిన చోటు లేదని గుర్తొచ్చి, నిలబడ్డచోటే విప్పేస్తుంది.

వసంతంలో కేసు మూసేశారు. గడువు దాటిపోయింది కాబట్టి ఇక విచారించే వీల్లేదని కాగితం వచ్చింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు పష్కో క్రోమ్ గనిలో పోయాడు. పైకప్పుకు పెట్టిన దుంగలు పుచ్చిపోయాయని వాడు భోజనాల దగ్గర మూడుసార్లు అన్నాడు. ఆ వారమే కప్పు కూలింది.

కేసు జడ్జి లులాష్ దగ్గరికి వెళ్ళిందని విన్నప్పుడు ప్రెన అంత ఏడుపులోనూ దేవుడికి దండం పెట్టుకుంది. లులాష్ పరాయివాడు కాడు. పష్కోకి ఏడాది నిండినప్పుడు పుట్టువెంట్రుకలు తీసినవాడు. అప్పుడతను రాజధాని తిరానాలో లా చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కత్తెర పట్టాడు. ఆ కొండల్లో జుట్టు తీసినవాడంటే రక్తం పంచుకున్నట్టే. ఆ మొదటి కుచ్చు ఇప్పటికీ ప్రెన పెట్టెలో తెల్లగుడ్డలో ఉంది. ఏటా సెయింట్ నికొలస్ పండక్కి ఆమె లులాష్‌కి ఒక జత ఉన్ని మేజోళ్ళు అల్లి పంపేది. ఒక్క ఏడూ తప్పలేదు, కొడుకు పోయిన ఏడు కూడా.

మొదటి వాయిదాలో గుమాస్తా అడిగాడు. “ఈ న్యాయమూర్తి మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?”

మా మనిషే కదా, ఇంకేం కావాలి అనుకుంది ప్రెన. “లేదు నాయనా,” అంది. కాస్త గర్వంగానే అంది. గని యజమాని వకీలు కూడా లేదన్నాడు. లులాష్ కాగితాల్లోంచి తలెత్తలేదు.

చుట్టరికం ఉన్న జడ్జి ఆ కేసు ముట్టకూడదని ఆమెకు అయిదేళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు తను ఒక్క మాట అని ఉంటే కేసు ఇంకొకరికి వెళ్ళేది. ఈ సంగతి చెప్పింది ఎల్వీర, పట్నంలో పేదల కేసులు ఉచితంగా చూసే వకీలు. విన్న తర్వాత ప్రెన రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

ఆ రోజు ఎల్వీర ఇంటికి వచ్చింది అది చెప్పడానికి కాదు.

“లులాష్ గారు పైకోర్టు పదవికి దరఖాస్తు పెట్టుకున్నారు, ప్రెనమ్మా. పోటీలో ఇద్దరే. ఎంపిక చేసేవాళ్ళు జనాన్ని కూడా అడుగుతున్నారు. ఈ మనుషుల గురించి తెలిసింది రాసి పంపమంటున్నారు. శుక్రవారంలోగా పోస్టులో పడాలి.”

“రాస్తే పష్కో కేసు మళ్ళీ తెరుస్తారా?”

“తెరవరు.”

“నా రాత వాళ్ళు పట్టించుకుంటారా?”

“పట్టించుకోకపోవచ్చు. నేను అబద్ధం చెప్పను.” ఎల్వీర చక్కెర లేని కాఫీ ఒక గుక్క తాగింది. “గనిలోకి ఇంకా నూట ఎనభై మంది దిగుతున్నారు. రేపు వాళ్ళ కేసు ఎవరి ముందుకు పోతుందో, అదీ సంగతి. పేరు, సంతకం ఉండాలి. లేనివి చదవరు. మీరు కళ్ళారా చూసిందే రాయండి.”

ఆమె వెళ్ళాక ప్రెన పిండి డబ్బా వెనక నుంచి వాయిదా చీటీలు తీసింది. ఇరవై రెండు. సాక్షి రాలేదు. కరెంటు లేదు. జడ్జిగారికి ఒంట్లో బాగాలేదు. ఆ చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది.

అది సెప్టెంబరులో ఒక సోమవారం. జ్వరమని చెప్పి అందర్నీ పంపేశారు. తిరుగు దారిలో వ్యాను ఆగిపోయింది. గని యజమాని కూతురి పెళ్ళి, చేతులు పట్టుకుని వరసగా నాట్యమాడేవాళ్ళు రోడ్డు మీదికి వచ్చేశారు. వరసకు ముందు లులాష్, చేతిలో రుమాలు గిరగిరా తిప్పుతూ. ప్రెన కిటికీ తెర లాగేసుకుంది. తను చూసినట్టు తెలిస్తే అతను సిగ్గుపడతాడని.

పోటీలో రెండో మనిషి బుకురియె. స్టేషను వెనక కమ్మరిపేటలో పుట్టిన మొదటి జడ్జి. ఒకసారి లులాష్ బదులు ఒక్క పూట కూర్చుంది. కేసు నంబరు చదవబోతున్న గుమాస్తాను ఆపి, “మీ అబ్బాయి పేరేమిటమ్మా?” అని అడిగింది. సాక్షి మొత్తం చెప్పింది ఆ ఒక్క పూటే.

పక్కింటి దిలకు ఈ మాట చెబితే బుగ్గలు నొక్కుకుంది. “కొలిమి ఊదేవాళ్ళ పిల్ల మనకి తీర్పులు చెబుతుందా? బాగుంది. రేపు మా గాడిద మంత్రిగిరీ చేస్తుంది.”

“ఆవిడ వాడి పేరు అడిగింది, దిలా.”

“అడిగితే? నీకేమైనా చుట్టమా?”

“కాదు. ఎవరికీ కాదు.”

బుధవారం లులాష్ తల్లి తోన వచ్చింది, కర్ర పోటేసుకుంటూ. బల్ల మీద ఒక మేజోడు పూర్తయి ఉంది, రెండోది సూదుల మీద ఉంది.

“ఈసారి ఆలస్యం చేశావేమే?”

“కళ్ళు ఆనడం లేదు పిన్నీ.”

“కాగితాలు రాయడానికి ఆనుతున్నాయటగా.” తోన కుర్చీలో సర్దుకుంది. “చూడు, నాకూ కొడుకే. నీ బాధ నాకు తెలీదనుకోకు. కానీ నీకు మగదిక్కు లేదు. రేపు నువ్వు పోతే శవపేటిక ముందు కొస పట్టుకునేది మావాడే. మాకు పరాయివయ్యావంటే ఈ ఊళ్ళో నీ ఇంట కాఫీ తాగేవాడుండడు.”

ప్రెన ఉన్ని ఉండ దగ్గరికి లాక్కుంది.

“అంతగా కడుపుమంటగా ఉంటే పేరు లేకుండా రాసుకో. మంట చల్లారుతుంది.”

“పేరు లేనివి చదవరట పిన్నీ.”

“అందుకే చెబుతున్నా,” అంది తోన, తాగిన కాఫీ కప్పు బోర్లిస్తూ.

గురువారమంతా ప్రెన రాసింది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన రాత. నాలుగు ముక్కలకు రోజు పట్టింది. లులాష్ గురించి చీటీ తారీకు, పెళ్ళి, రుమాలు, కిటికీ తెర. కింద ఇలా రాసింది: “ఇతను నా కొడుకు పుట్టువెంట్రుకలు తీశాడు. కోర్టులో ఆ మాట అతను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నా తప్పు నాకుంది.” రెండో కాగితం చిన్నది. “ఈమె నా కొడుకు పేరు అడిగింది. ఈమె నాకు ఏమీ కాదు, మా ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు. అందుకే రాస్తున్నాను.”

సంతకం దగ్గర కలం నిలిచిపోయింది. పెట్టె తెరిచి తెల్లగుడ్డ విప్పింది. మొక్కజొన్న పీచులా మెత్తటి కుచ్చు. దాన్ని కోసిన చేతికి ఎదురుగా సంతకం పెట్టాలి. పెడితే పష్కో రాడు. పెట్టకపోయినా రాడు. మధ్యలో ఆ నూట ఎనభై మంది. వాళ్ళ అమ్మలు కొందరు ఇక తనతో మాట్లాడరు కూడా.

పూర్తి పేరు రాసింది. పక్కన పష్కో పేరు కూడా రాసింది.

శుక్రవారం పోస్టాఫీసులో గుమాస్తా చిరునామా చదివి, ఆమె ముఖం చూసి, ఏమీ అనకుండా ముద్ర వేశాడు. తిరిగి వస్తుంటే దిల పెరట్లో బట్టలు ఆరేస్తూ ఇటు చూడలేదు. దుప్పటి చాటుకు వెళ్ళింది.

ఇంట్లో కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టుకుంది, ఒక కప్పుకే. బల్ల మీద మేజోడు మడమ తిప్పాల్సిన చోట ఆగి ఉంది. పండక్కి ఇంకా నాలుగు రోజులున్నాయి. మిగిలింది ఒక్క పూట పని. ప్రెన దాన్ని చేతిలోకి తీసుకుంది, కళ్ళు బాగానే ఆనాయి. ఒక్క వరసా అల్లలేదు, సూదులు తీయలేదు, విప్పదీయలేదు. అలాగే ఉన్ని ఉండ పక్కన పెట్టి, కాఫీ పొంగుతుంటే లేచింది.