ఏరేసిన తాలుకాయ

మొన్న మా చెల్లెలి మనవరాలు ఏదో లెక్క రాక ఫోనును అడిగితే, కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చేసింది. ఒక కొట్టివేత లేదు, ఒక తడబాటు లేదు, ఇస్త్రీ చొక్కాలా ఉంది. పిల్ల దాన్ని దించేసుకుని లేచి వెళ్ళిపోయింది. నాకెందుకో మనసు చివుక్కుమని, ఒకప్పుడు వెర్రిగా చదివిన లెక్కల బ్లాగుల కోసం వెతికితే, సగానికి సగం పేజీ లేదు పొమ్మన్నాయి.

మీరూ నా ఈడువారైతే గుర్తుండే ఉంటుంది, మన చదువుల్లో లెక్క రాయడానికి ఒకటే తీరు: దత్తాంశం, సారాంశం, ఉపపత్తి, ఆఖర్న ఒక గీత. ఒంగోలు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినన్నాళ్ళూ నేనూ అంతే, తప్పు మెట్టు పడితే డస్టరుతో తుడిచేయడమే. అలాంటిదాన్ని ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించాక ఈ బ్లాగుల్లో పడి, అయ్యబాబోయ్, లెక్కల్ని ఇన్ని రకాలుగా రాస్తారా అని నోరు తెరిచాను. ఒకాయన పక్కింటివాళ్ళతో ముచ్చటాడినట్టు రాసేవాడు, ఒకావిడ మాటల్లేకుండా బొమ్మలతోనే నడిపించేది, ఇంకొకాయనకు పేపర్లో సగటు అన్న మాట కనిపిస్తే చాలు, పోట్లాటే. అందరికంటే నాకు నచ్చిన పెద్దాయన మాత్రం, వారాల తరబడి తాను చేసిన లెక్క ఎక్కడ బోల్తా కొట్టిందో పూసగుచ్చినట్టు రాసి, తనమీద తనే నవ్వుకునేవాడు.

అప్పట్లో పొదిలి దగ్గర మిరప పండించే మా చెల్లెలు, పిల్లలు పెద్దయ్యాక దూరవిద్యలో డిగ్రీ కట్టి, ఈ స్టాటిస్టిక్స్ పేపరు దగ్గరే రెండుసార్లు తప్పింది. చిన్నప్పుడు బోర్డు మీద తప్పు చేసి అందరి ముందూ తిట్లు తిన్నదేమో, లెక్కల్లో సందేహమొస్తే నోరు మెదపదు. నేను చెబుతుంటే తలూపేది, అర్థమైందా అంటే మళ్ళీ తలూపేది, నాకు ఒళ్ళు మండేది. చివరికి ఇక పరీక్ష రాయను, డిగ్రీ వద్దు ఏమీ వద్దని తెగేసి చెప్పింది.

ఆ ఎండాకాలం అది కల్లంలో తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, ఏరుతుంటే, కారం చేతులతో ఫోను పట్టుకోలేదు గనక నేనే పక్కన కూర్చుని పెద్దాయన తప్పుల కథ తెలుగు చేసి వినిపించాను. అంత చదువుకున్నాయన తప్పు చేసి ఊరంతా చెప్పుకున్నాడా అని పకపకా నవ్వి, కారం చేత్తోనే కళ్ళు తుడుచుకుని లబోదిబోమంది. మంట తగ్గాక, నువ్వూ అలా తెలుగులో రాయరాదా అక్కా అంది.

రాశాను. నేనూ ఒక బ్లాగు తెరిచాను, చదివేది బహుశా అదొక్కతే. ఒకసారి కుప్పలోంచి వరసగా రెండు కాయలు తీసి పక్కన పెడితే రెండూ తాలే అయ్యే అవకాశమెంతో చెబుతూ, రెండో కాయకూ మొదటి భిన్నమే వేసి గుణించేశాను. తెల్లారేసరికి కింద మా చెల్లెలి వ్యాఖ్య: "అక్కా, ఏరేసిన తాలుకాయని మళ్ళీ కుప్పలో ఎవరైనా వేస్తారా? ఒకటి తగ్గింది కదా, లెక్క మారదూ?"

సంతోషం పట్టలేక ఏడ్చేశాను. లెక్కల్లో అది నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆ ఏడు పరీక్షకు కూర్చుంది, గట్టెక్కింది.

ఇప్పుడు జవాబులకు కొదవ లేదు. ఇదిగో ఇక్కడ జారిపడ్డాను అని చెప్పేవాళ్ళే కరువయ్యారు, వాళ్ళను ఆపి అడిగేవాళ్ళూ కరువయ్యారు. నా పేజీ మాత్రం ఇంకా తెరుచుకుంటోంది, ఆ భిన్నాన్ని నేను దిద్దలేదు. మొన్ననే మనవరాల్ని వెనక్కి పిలిచి, తప్పెక్కడుందో చూడవే అని కూర్చోబెట్టాను. పిల్ల కిందదాకా చదివి, ఈ అడిగింది మా నానమ్మేనా అంది. వంటింట్లోంచి మా చెల్లెలు, నేనేనే, మా అక్క తప్పు చేసింది, అని వీధంతా వినబడేలా అరిచింది.