సన్యాసిరాజు ఎడమ చెయ్యి

పరవాడ వైపు పల్లెలో నాగలి పట్టాల్సిన సన్యాసిరాజు, విశాఖపట్నం వచ్చి హార్బర్లో క్రేన్ పట్టాడు. డెబ్భైల మొదట్లో సరుకులు మోసే కళాసీగా చేరాడు. చూపూ చెయ్యీ కుదురుగా ఉన్నాయని ఎవరో పెద్దాయన కనిపెట్టి క్రేన్ గదిలోకి ఎక్కించాడు. ఆ చూపూ ఆ చెయ్యే సాయంత్రాలు అతన్ని స్టాఫ్ క్లబ్బులో స్నూకర్ బల్ల దగ్గరికి లాక్కుపోయేవి. దొరలు వదిలేసి పోయిన బల్ల అది. సముద్రపు గాలికి దాని మీది పచ్చగుడ్డ చెమ్మెక్కి బంతుల్ని సగం దారిలోనే ఆపేసేది. అందుకని మ్యాచ్ ఉన్న రోజు మార్కర్ చలమయ్య దాన్ని బ్రష్షుతో దువ్వి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే ఎవర్నైనా దగ్గరికి రానిచ్చేవాడు. పాయింట్లు చెప్పేదీ ఆయనే, ఆటగాళ్లని కసిరేదీ ఆయనే.

ఊళ్లోని క్లబ్బులన్నీ కలిసి ఏటా ఒక లీగు నడుపుకునేవి. రైల్వే వాళ్లు, నేవీ వాళ్లు, కొత్తగా స్టీల్‌ప్లాంట్ కట్టడానికి వచ్చిన ఇంజనీర్లు, అందరూ వచ్చేవారు. ఎనభై మూడులో ఆ లీగు మొదటి మ్యాచ్ నాడు, తన వంతు కోసం కుర్చీలో కూర్చున్న సన్యాసిరాజు ఎడమ చేతి వేళ్లు వాటంతటవే వణకడం మొదలుపెట్టాయి. చలేమో అనుకున్నాడు. విశాఖపట్నంలో చలేమిటి, వింటే ఎవరైనా నవ్విపోతారు! చేతిని గబుక్కున ప్యాంటు జేబులో దాచేశాడు. ఆ రోజు నుంచీ ఆ చెయ్యి జేబులోనే కాపురం పెట్టింది.

ఆట సంగతి అటుంచండి. మర్నాడు పొద్దున్నే క్రేన్ ఎక్కాలి. కింద ఓడ కడుపులో నీలకంఠం ఉంటాడు. భార్య తాయారు తమ్ముడు, అంటే సన్యాసిరాజుకి సొంత బావమరిది. సరుక్కి కొక్కెం తగిలించి, ఎత్తు, దించు అని చెయ్యూపే పని అతనిది. స్టీల్‌ప్లాంట్ కోసం వచ్చిన యంత్రాల పెట్టెలు గదులంత ఉండేవి. అవి నీలకంఠం నెత్తి మీదుగానే వెళ్లేవి. పైన అద్దాల గదిలో సన్యాసిరాజు రెప్ప వెయ్యకుండా కిందికే చూసేవాడు. ఎడమ చెయ్యి మీటని పట్టుకున్నంతసేపూ బాగానే ఉండేది, వదిలితే వణికేది. అందుకని వదిలేవాడు కాదు. మీట పట్టుకున్నాక వణకదులే అని తనకి తాను చెప్పుకునేవాడు. మరి ఒకరోజు పట్టుకున్నాక కూడా వణికితే? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా మీటని ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు.

చెప్పేస్తే పోయేది కదా అంటారు మీరు. చెప్పడం మనకి తేలిక. క్రేన్ మీంచి దింపేసిన డ్రైవర్లని అతను చూశాడు. స్టోర్సులో ఓ మూల కూర్చుని తాళ్లకి గ్రీజు రాసుకునే వాళ్లని నిన్నటి దాకా అన్నా అని పిలిచిన వాళ్లు కూడా పలకరించరు. డాక్టరు దగ్గరికి వెళ్తే మాట ఆఫీసుకి చేరుతుంది. పోనీ ఆట మానేద్దామంటే, ఎందుకు మానేశావని క్లబ్బంతా అడుగుతుంది. ఓడిపోతే లీగు పీడ వదులుతుందనుకున్నాడు. భయంతో ఆచితూచి ఆడే మనిషి ఎక్కడ ఓడతాడు? వరసగా గెలుస్తూ పోయాడు. జనం భుజాలు తట్టారు, నీలకంఠం ప్రతి మ్యాచ్‌కీ వచ్చి ముందు వరసలో కూర్చుని, "మా బావ సెయ్యంటే ఏటనుకున్నారు!" అని పక్కవాళ్లకి చెప్పుకున్నాడు. గెలిచిన ప్రతిసారీ సన్యాసిరాజు గుండె ఇంకాస్త జారేది.

తెలిసిన వాళ్లకి తెలుస్తూనే ఉంది. తాయారు ఏమీ అడక్కుండానే టీ గ్లాసు సగమే నింపి ఇవ్వడం మొదలుపెట్టింది. చలమయ్య ఓ సాయంత్రం గుడ్డ దువ్వుతూ, "ఏటి రాజుబాబూ, గుడ్డమీద నీ వేళ్ల గుర్తులు దిగిపోతన్నాయి. అంతలాగ నొక్కెత్తన్నావేటి?" అన్నాడు. సన్యాసిరాజు నవ్వి, కర్ర మొనకి సుద్ద రాసుకున్నాడు.

ఆఖరి మ్యాచ్ స్టీల్‌ప్లాంట్ ఇంజనీర్ల జట్టుతో పడింది. అవతల గురునాథరావు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి. చూడ్డానికి అచ్యుతరామయ్యగారు కూడా వచ్చి కూర్చున్నారు. క్రేన్ ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో రాసే అధికారి ఆయనే. ఆయన్ని చూడగానే సన్యాసిరాజు జేబులో చేతిని ఇంకా లోపలికి తోశాడు.

ఆట లాగీ లాగీ చివరికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అది వేసిన వాడిదే కప్పు, దాని మీద ఫౌల్ చేసిన వాడికి అక్కడితో సరి. నల్ల బంతి పాకెట్ మూతి దగ్గరే ఉంది. సన్యాసిరాజు వంగి, ఎడమ చెయ్యి గుడ్డ మీద ఆనించి, వేళ్లని గట్టిగా నొక్కి, కర్రని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ గురి చూశాడు. అప్పుడు, నొక్కి పట్టిన ఆ చెయ్యే ఒక్కసారి ఎగిరిపడింది. కర్ర మొన తెల్ల బంతిని తాకింది. బంతి కదిలీ కదలనట్టు కదిలి మళ్లీ నిలబడింది.

ఎవరూ చూడలేదు. కర్రలోంచి వేళ్లకి వచ్చిన ఆ చిన్న తాకిడి అతనికొక్కడికే తెలుసు. కానీ ఆ బల్ల దగ్గర పెరిగిన వాళ్లకి ఓ పద్ధతుంది. తన ఫౌల్ తనే చెప్పుకోవాలి. చలమయ్య నేర్పిన మొదటి పాఠం అదే, కర్ర పట్టుకోవడం కూడా ఆ తర్వాతే నేర్పాడు.

"ఫౌలండీ," అన్నాడు సన్యాసిరాజు లేచి నిలబడి.

"ఏం తగిలిందండీ? నాకేం కనపళ్లేదే. ఆడండి రాజుగారూ, ఫర్వాలేదు," అన్నాడు గురునాథరావు.

"కర్ర తగిలిందండీ."

చలమయ్య తల దించుకుని పాయింట్లు అవతలి వాళ్లకి రాశాడు. సన్యాసిరాజు చెయ్యి జేబులోకి పోయింది. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కప్పు పోయేది, క్రేన్ మిగిలేది.

నీలకంఠం కుర్చీ తోసుకుని లేచాడు. "నేదు! మా బావ సెయ్యి కదల్దు! ఏటి బావా, గెలిసే ఆట పారేత్తన్నావ్? రోజూ ఆ సెయ్యి కిందే నిలబడతన్నాను నాను. నాకు తెల్దా?"

ఆ మాటకి సన్యాసిరాజు తిరిగి నీలకంఠం వంక చూశాడు. ఇన్నాళ్లూ తన ఉద్యోగం కోసం భయపడుతున్నానో, వీడి ప్రాణం కోసం భయపడుతున్నానో తేల్చుకోలేకపోయాడు. ఇప్పుడు తేలిపోయింది. కర్ర పక్కన పెట్టాడు. జేబులోంచి ఎడమ చెయ్యి తీసి, పెద్ద దీపాల వెలుగులో పచ్చగుడ్డ మీద పెట్టాడు. అది అందరి ముందూ ఆగకుండా వణికింది.

అచ్యుతరామయ్యగారు లేచారు. "రేపు క్రేన్ ఎక్కొద్దు సన్యాసిరాజూ. ఆఫీసుకి రా," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడితేనే బాగుండేది.

బావా బావమరుదులిద్దరూ పూర్ణా మార్కెట్ మీదుగా బస్సు కోసం నడిచారు.

"ఎప్పట్నించి?" అన్నాడు నీలకంఠం.

"లీగు మొదలైన్నాటి నుంచీ."

"మరి మొన్న ఆ పెద్ద పెట్టె దించినప్పుడూ? నాను కిందనుంచి ఈల కూడా ఏసాను గదా?"

"అప్పుడూనూ."

నీలకంఠం మూసేసిన ఓ కొట్టు మెట్టు మీద చతికిలబడ్డాడు. తలెత్తి పైకి చూశాడు, అక్కడేదో వేలాడుతున్నట్టు.

"లెగరా, బస్సొచ్చేత్తంది," అంటూ సన్యాసిరాజు చెయ్యి అందించాడు. చూసుకోకుండా ఎడమ చెయ్యే అందించాడు. నీలకంఠం ఆ చేతి వంక చూశాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు.