ట్రాక్టర్ తాగిన చాయ్

నా చిన్నప్పుడు ఆరో తరగతి నన్ను రెండేళ్లు భరించి, ఇక తన వల్ల కాదని వదిలేసింది. అందుకే నాకొచ్చిన సైన్సంతా ఒక పొద్దున మా ట్రాక్టర్ దగ్గర నేర్చుకున్నదే.

మాది సురంగల్. మా అవ్వకు ఉబ్బసం. ఆ వానాకాలం పొద్దున ఆమెకు ఊపిరి అందలేదు. మంచం మీద కూర్చుని, మోకాళ్లకు చేతులు ఆనించి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది. పెదవులు నీలమవుతున్నాయి. వెంటనే మొయినాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. బస్సుకు ఇంకా చాలా సేపుంది. ఇంట్లో ఉన్నది ట్రాక్టర్ ఒక్కటే.

ట్రాలీలో గడ్డి పరిచి అవ్వను కూర్చోబెట్టాం. బాపు తాళంచెవి తిప్పాడు. 'టక్' అంది, అంతే. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్. నెడదామంటే చక్రాలు బురదలో దిగిపోయాయి. వెనక అవ్వ ఊపిరి కూత పెడుతోంది. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే నా నాలుక ఆ పొద్దున అంగిట్లో అంటుకుపోయింది.

"సచ్చింది బ్యాటరీ. కొత్తది తేవాలె," అన్నాడు బాపు, స్టీరింగ్ మీద గుద్ది.

మా తాత వంగి బ్యాటరీని చూశాడు. వైరు బిగించిన చోట తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది. అవ్వ కోసం అమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసు నా చేతిలో పొగలు కక్కుతోంది. తాత దాన్ని లాక్కుని పొక్కు మీద పోశాడు.

"అగో! పిచ్చి లేసిందా ఏందే?" అని బాపు అరిచాడు.

పొక్కు కరిగి కారిపోయింది. తాత పానాతో వైరు ఊడదీసి, సీసం మెరిసేదాకా చాకుతో గీకి, తువ్వాలతో తుడిచి, మళ్లీ బిగించసాగాడు. అంతలో అవ్వ కూత ఆగింది. కూత కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది.

"తిప్పు," అన్నాడు తాత.

ట్రాక్టర్ ఒక్క ఊపున లేచి, బురద చిమ్ముకుంటూ రోడ్డెక్కింది.

దవాఖానలో సూది వేశాక అవ్వ పెదవులకు రంగు తిరిగొచ్చింది. బయట అరుగు మీద కూర్చుని తాత అప్పుడు చెప్పాడు: "బ్యాటరీ డబ్బల కరెంటు దాసిపెట్టిన నీళ్లు గాదురా. సీసం పలకలు, ఆసిడు కలిసి ఎప్పటికప్పుడు పుట్టిస్తయి. పుట్టింది బయటికి రావాలంటే తొవ్వ గావాలె. తొవ్వకు పొక్కు అడ్డం పడ్డది, గంతే. మీ అవ్వకు గూడ గంతే."

ఇప్పుడు నా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, వాకిట్లో మనవడి కరెంటు స్కూటర్ ఉంది. ఏది మొరాయించినా 'సచ్చింది' అన్న మాట నా నోట రాదు. ముందు తొవ్వ చూస్తాను. అలిగి మాట మానేసిన మనుషుల దగ్గరా అదే పని.

ఆ సాయంత్రం ఇల్లు చేరాక నా నాలుకకు ప్రాణం లేచొచ్చింది. "అవ్వా, నీ చాయ్ ట్రాక్టర్ తాగిందే!" అన్నాను.

అవ్వ నింపాదిగా ఊపిరి తీసుకుని అంది: "ఒక్క గిలాస తాగి అదన్న లేసింది. నువ్వు దినాం రెండు తాగి గూడ లేవవు గదరా!"